గౌరవానికి కొలబద్ద ఎవరి చేతిలో?

(తునిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున రైలు దిగి ఇక్కడికి వస్తుంటే, నన్ను తీసుకురావటానికి స్టేషనుకొచ్చిన అమ్మాయి అడిగింది, "మేడమ్, ఇవాళ దేని మీద మాట్లాడతారు?" అని. "క్రికెట్ మీద" అన్నాను. సరదాకి అంటున్నాననుకుని నవ్వేసింది. కాదని తెలిశాక ఆమె మొహంలో కనిపించిన నిరాశ నేను మర్చిపోలేదు. న్యాయమే. గృహహింస కేసులు, కూలిడబ్బులు అందని పనులు, పెళ్ళి చేసేసి బడి మాన్పించిన పిల్లలు, వీటి మధ్య పొద్దస్తమానం తిరిగే మీకు క్రికెట్ కబుర్లు చెప్పటమేమిటి? "మనకెందుకీ గొడవ" అనే ఆ ప్రశ్నని పక్కన పెట్టటం లేదు. దాని దగ్గరికి వస్తాను.

విషయం ఇది. అంతర్జాతీయ క్రికెట్ మండలికి "హాల్ ఆఫ్ ఫేమ్" అని ఒకటుంది. ఆటలో మహామహులనుకున్న వాళ్ళని ఎంపిక చేసి అందులో చేరుస్తారు. 2009లో మొదలుపెట్టినప్పుడు 55 మంది పేర్లు ప్రకటించారు. 55 మందీ మగవాళ్ళే. మరుసటి ఏడాది ఇంగ్లండుకి చెందిన రేచెల్ హేహో ఫ్లింట్‌ని చేర్చుకుంటే ఆమే మొదటి స్త్రీ అయింది. మన దేశపు స్త్రీ ఆ గడప దాటటానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సంవత్సరం డయానా ఎడుల్జీ, 2024లో నీతూ డేవిడ్. ఆట నుంచి తప్పుకుని ఐదేళ్ళు గడిస్తేగానీ ఎవరి పేరూ పరిశీలనకు తీసుకోరు. సికింద్రాబాదు అమ్మాయి మిథాలీ రాజ్ చివరి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 2022 మార్చిలో, రిటైరవుతున్నానని చెప్పింది జూన్లో. అంటే ఆ ఐదేళ్ళు 2027తో నిండుతాయి. ఆమెకి ఆ అర్హత ఉందా లేదా అనేది ఇవాళ నా ప్రశ్న.

ఉంది అనేదే నా జవాబు. దాన్ని దాచిపెట్టి చివర్లో చెప్పాల్సిన పనేమీ లేదు. 232 వన్డేల్లో 7,805 పరుగులు, సగటు 50.68. ఆమె తప్పుకునేనాటికి ప్రపంచంలో ఏ స్త్రీ వన్డేల్లో అన్ని పరుగులు చెయ్యలేదు. 1999 జూన్లో ఐర్లండు మీద మొదటి మ్యాచ్‌లోనే అవుటు కాకుండా 114 చేసింది. అప్పటికి ఆమెకి పదహారేళ్ళు. 2002లో ఇంగ్లండులోని టాంటన్‌లో 214 కొడితే అది అప్పటికి స్త్రీల టెస్టుల్లో ప్రపంచ రికార్డు. రెండుసార్లు, 2005లోనూ 2017లోనూ, మన జట్టుని ప్రపంచకప్ ఫైనల్ దాకా నడిపించింది. లెక్కలడిగే వాళ్ళకి ఈ లెక్కలు చాలు.

నన్ను ఇబ్బంది పెట్టేది ఆ లెక్కల్లో లేని లెక్క. మిథాలీ 23 ఏళ్ళు అంతర్జాతీయ క్రికెట్ ఆడింది. సచిన్ టెండూల్కర్ 24 ఏళ్ళు ఆడాడు. ఇద్దరూ దాదాపు ఒకే వయసులో మొదలుపెట్టారు. సచిన్ ఆడిన టెస్టులు 200. మిథాలీ ఆడినవి 12.

మళ్ళీ చెబుతున్నాను, పన్నెండు. ఆమెని జట్టులోంచి తీసేశారని కాదు, గాయాలయ్యాయని కాదు. మ్యాచ్‌లే పెట్టలేదు. 2006లో ఇంగ్లండులో టెస్టులు ఆడి వచ్చాక మన స్త్రీల జట్టు మళ్ళీ టెస్టు ఆడింది 2014 ఆగస్టులో. ఎనిమిదేళ్ళు! మిథాలీకి అవి ఇరవైమూడో ఏట నుంచి ముప్ఫై ఒకటో ఏట దాకా ఉన్న సంవత్సరాలు. బ్యాటు పట్టిన మనిషికి అంతకన్నా మంచి వయసు ఏముంటుంది? తమాషా ఏమిటంటే, అప్పటిదాకా స్త్రీల క్రికెట్‌ని నడిపిన భారత మహిళా క్రికెట్ సంఘం, 1973లో పుట్టిన సంస్థ, అదే 2006లో క్రికెట్ బోర్డులో విలీనమైంది. పేద సంఘం చేతిలో ఉన్నన్నాళ్ళూ అప్పుడప్పుడన్నా జరిగిన టెస్టులు, డబ్బున్న బోర్డు చేతికొచ్చాక ఎనిమిదేళ్ళపాటు ఆగిపోయాయి. పుట్టింట్లో గంజి తాగి బతికిన పిల్ల మేడలోకి కాపరానికి వెళ్ళి పస్తులున్నట్టుంది. ఆ పాత సంఘం రోజుల్లో అమ్మాయిలు రిజర్వేషన్ లేని పెట్టెల్లో ప్రయాణం చేసి, డార్మిటరీల్లో పడుకుని ఆడారు. అదేమీ స్వర్ణయుగం కాదు. 2005లో ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్ళిన జట్టుకి మ్యాచ్‌కి వెయ్యి రూపాయలు ఇచ్చారని మిథాలీయే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. వాళ్ళకి తిండి పెట్టింది క్రికెట్ కాదు, ఎక్కువమందికి రైల్వే ఉద్యోగం.

ఇంకో సంగతి. క్రికెట్లో ప్రపంచకప్ అనేది మొట్టమొదట జరిగింది స్త్రీలకి, 1973లో. మగవాళ్ళది 1975లో జరిగింది. మనం ఆలస్యంగా వచ్చాం కాబట్టి వెనకబడ్డాం అనే మాట ఇక్కడ నిలబడదు. ముందొచ్చిన వాళ్ళనే వెనక్కి నెట్టారు.

"మెరిట్" అనే మాట మనకి కొత్త కాదు. 1990లో మండల్ గొడవల్లో ఆ మాట ఎవరి నోట ఎలా పలికిందో మనలో పెద్దవాళ్ళకి గుర్తే. అగ్రకులాల విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి, మెరిట్ చచ్చిపోయింది అన్నారు. తరతరాలుగా ఆ పనులు చేస్తున్న వాళ్ళ చేతుల్లో మెరిట్ ఉండదని వాళ్ళ ఉద్దేశం. మెరిట్ అంటే పరీక్షలో వచ్చిన మార్కులే అయితే, పరీక్ష హాల్లోకి ఎవరిని రానిచ్చారు అని అప్పుడు మనం అడిగాం. మిథాలీ విషయంలో అడగాల్సిందీ అదే. పన్నెండు టెస్టుల్లో 699 పరుగులేనా అని కొలిచే వాళ్ళకి, మిగతా టెస్టులు ఎక్కడికి పోయాయో చెప్పే బాధ్యత కూడా ఉంది.

ఈ పోలిక మన క్రికెట్‌కే పరిమితం కాదు. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి సంగతి తీసుకోండి. 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. ఆ ఊపు మీద 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కి వెళ్ళాలి కదా? వెళ్ళలేదు. ఎందుకంటే స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోనే లేదు. మగవాళ్ళకి తొలి ఒలింపిక్స్ నుంచీ ఉన్న పోటీ మనకి 2000లో సిడ్నీలో మొదలైంది. అప్పటికి ఆమె బరువు విభాగం మారింది, పెళ్ళయింది, ఆమె తిండి గురించీ లావు గురించీ పత్రికల్లో వెటకారాలు వచ్చాయి. సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమే. బంగారం కోసం చివర్లో 137.5 ఎత్తబోయింది, లేవలేదు. "కాంస్యమేగా" అన్నవాళ్ళని అప్పుడు నా చెవులతో విన్నాను. నాలుగేళ్ళ ముందు తలుపు తెరిచి ఉంటే ఏమయ్యేదో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు కాస్త దూరం వెళ్దాం. హాల్ ఆఫ్ ఫేమ్ అనే ఆచారాన్ని అమెరికా వాళ్ళు బాగా పెంచారు. వాళ్ళ ఫుట్‌బాల్ మనది కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అలా బంతి అందుకుని పరిగెత్తే "రన్నింగ్ బ్యాక్"లలో ఓ.జె. సింప్సన్ అనే నల్లజాతి ఆటగాడు మహా ప్రసిద్ధుడు. 1973లో ఒకే సీజన్లో రెండువేల గజాలు దాటి పరిగెత్తిన మొదటివాడు. 1985లో అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 1989లో భార్య నికోల్‌ని కొట్టిన కేసులో ఆరోపణని తాను ఎదిరించనని కోర్టులో ఒప్పుకున్నాడు. దానికి అతను జైలుకి వెళ్ళలేదు. 1994లో, విడాకులైపోయిన ఆ నికోల్‌నీ ఆమె స్నేహితుడు రాన్ గోల్డ్‌మన్‌నీ ఎవరో పొడిచి చంపారు. సింప్సన్ మీద హత్యకేసు పెట్టారు. 1995లో క్రిమినల్ కోర్టు అతన్ని నిర్దోషి అంది. 1997లో సివిల్ కోర్టు ఆ చావులకి అతనే బాధ్యుడంది. ఆ కేసులో నల్లవాళ్ళ పట్ల పోలీసుల తీరు గురించి లేచిన ప్రశ్నలు అబద్ధాలు కావు. జాతి, జెండర్ ఒకదానికొకటి అడ్డంపడ్డ చోట న్యాయం ఎంత చిక్కుపడుతుందో చెప్పటానికి ఇంకో పూట కావాలి. నాకిక్కడ కావలసింది ఒకటే. అతను 2024లో చనిపోయేదాకా, ఆ తర్వాత కూడా, హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని స్థానం చెక్కుచెదరలేదు. ఎందుకంటే వాళ్ళ నియమం "మైదానంలో ఏం చేశాడన్నదే చూస్తాం, బయట సంగతులు మాకక్కర్లేదు" అన్నది.

వినటానికి ఎంత నిష్పాక్షికంగా ఉందో చూడండి! కానీ ఈ ఒక్క నియమమే మగవాడి విషయంలో ఇంట్లో చేసిన హింసని గుమ్మం బయట ఆపేస్తుంది, ఆడదాని విషయంలో మైదానమే దొరకని సంవత్సరాలని సున్నాగా లెక్కేస్తుంది. ఇల్లు వేరు, బయట వేరు అని గీసిన గీతతో మన ఉద్యమం ఇన్నేళ్ళుగా తగాదా పడుతూనే ఉంది. గృహహింస ఇంటి విషయం కాదని చట్టం చేయించుకోవటానికి 2005 దాకా పట్టింది మనకి. ఆ గీత ఆటస్థలం గోడ మీద ఇంకా అలాగే ఉంది.

పోనీ, స్త్రీల విషయంలోనన్నా ఆ నియమం పాటిస్తారా? 2018 నవంబరులో వెస్టిండీస్‌లో టీ20 ప్రపంచకప్ జరిగింది. మిథాలీ రెండు మ్యాచ్‌ల్లో అర్ధసెంచరీలు చేసింది. సెమీఫైనల్‌కి ఆమెని తీసుకోలేదు. జట్టు ఓడిపోయింది. ఆమె బోర్డుకి ఉత్తరం రాస్తే అది పత్రికలకెక్కింది. బదులుగా వచ్చిన నివేదికలో ఆమె ఎవరితో కలవదనీ, ఆమెతో వేగటం కష్టమనీ ఉన్నట్టు వార్తలొచ్చాయి. ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మనలో ఎంతమంది ఇదే సర్టిఫికెట్ తీసుకోలేదు? ఆఫీసులో, అత్తవారింట్లో, ఆఖరికి మన సొంత సంఘాల్లో కూడా. నోరు తెరిస్తే గయ్యాళి, తెరవకపోతే పొగరు.

అలాగని విమర్శ అంతా మగ అహంకారమే అని కొట్టిపారెయ్యలేను. ఆమె ఆట నెమ్మది అన్నవాళ్ళ మాటలో కొంత నిజముంది. ఇరవై ఓవర్ల ఆట వేగం కోరుతుంది, ఆమె తర్వాత వచ్చిన అమ్మాయిలు బంతిని ఇంకా గట్టిగా బాదుతున్నారు. జట్టుని ఎంపిక చెయ్యటం ఆటకి సంబంధించిన నిర్ణయం, అందులో పెద్దమనిషి అనే మొహమాటం పనికిరాదు. నేను తప్పు పట్టేది జట్టులోకి తీసుకోకపోవటాన్ని కాదు, దానికి కారణంగా ఆమె స్వభావాన్ని బజార్లో పెట్టటాన్ని. పైగా ఆ నెమ్మది ఎక్కడిది? ఆమె మొదలుపెట్టిన రోజుల్లో జట్టులో ఒకరిద్దరు అవుటైతే మొత్తం కూలిపోయేది. ఇంటికి ఒక్కర్తే సంపాదనపరురాలైన ఆడది డబ్బు ఎలా ఖర్చుపెడుతుందో ఆమె వికెట్‌ని అలా ఖర్చుపెట్టింది. ఇది నా ఊహే, క్రికెట్ పండితులు ఒప్పుకోకపోవచ్చు.

2017లో ఒక విలేకరి ఆమెని మీకిష్టమైన మగ క్రికెటర్ ఎవరని అడిగాడు. మీరు ఏ మగ క్రికెటర్‌నైనా నీకిష్టమైన ఆడ క్రికెటర్ ఎవరని అడుగుతారా అంది. స్త్రీవాదం మీద ఆమె ఎక్కడా ఉపన్యాసమిచ్చినట్టు నాకు తెలియదు. ఆ ఒక్క వాక్యం మన కార్యశాలల్లో ఒక పూట పాఠానికి సరిపోతుంది.

గౌరవం గురించి మాట్లాడుతూ ఢిల్లీ వీధిని మర్చిపోలేం. 2023లో మల్లయోధులైన అమ్మాయిలు తమ సమాఖ్య అధ్యక్షుడు లైంగికంగా వేధించాడని ఆరోపిస్తూ రోడ్డెక్కారు. ఆ సమాఖ్యలో, 2013 చట్టం ప్రకారం ఉండాల్సిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ సరిగా లేదని ప్రభుత్వం వేసిన సంఘమే తేల్చింది. డిసెంబరులో సాక్షీ మలిక్ తన బూట్లు బల్లమీద పెట్టి ఇక ఆడనంది. 30వ తేదీన వినేశ్ ఫోగట్ తన ఖేల్‌రత్న, అర్జున అవార్డులని కర్తవ్యపథ్ పేవ్‌మెంటు మీద వదిలేసి వెళ్ళింది. అక్కడ నిందితుడి పేరు గోడ మీద భద్రంగా ఉంది, ఇక్కడ ఫిర్యాదు చేసిన వాళ్ళు తమ గౌరవాన్ని నేల మీద పెట్టి నడిచిపోయారు. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడమని మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇక "మనకెందుకు" అన్న ప్రశ్న. ఇక్కడికి రెండు గంటల దూరంలో విశాఖపట్నం ఉంది. అక్కడి క్రికెట్ స్టేడియంలో 2025 అక్టోబరులో, స్త్రీల ప్రపంచకప్ జరుగుతుండగా, ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరూ, ఒక గేటుకి రావి కల్పన పేరూ పెట్టారు. స్టేడియాల్లో స్త్రీల పేర్లు కనిపించవేమని స్మృతి మంధాన మంత్రి లోకేశ్‌తో అన్నాక జరిగిందది. ఒక ఆడమనిషి అడిగితే జరిగింది, దయతో కాదు. మిథాలీ పేరు అందరికీ తెలుసు. రావి కల్పన మన ఆంధ్ర అమ్మాయి, వికెట్‌కీపరు, దేశం తరఫున ఆడింది కొద్ది వన్డేలే. హాల్ ఆఫ్ ఫేమ్ కొలబద్దతో చూస్తే ఆమె ఊసే ఉండదు. కానీ నాకు ఆ గేటే ఎక్కువ నచ్చింది. శిఖరం మీదున్న ఒక్కరిని గౌరవించటం తేలిక. మెట్టు మీదున్న వాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుంటే ఎక్కుతున్న పిల్లకి దారి కనిపిస్తుంది. ఆ తర్వాత నెల తిరక్కుండానే, నవంబరు 2న, మన జట్టు ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది.

ఆట హక్కు. ఇది నా కవిత్వం కాదు. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనీ నిర్మూలించాలనే ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, మనం సీడా అంటామే, దాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. అందులో 10వ అధికరణం ఆటల్లోనూ వ్యాయామ విద్యలోనూ ఆడపిల్లలకి సమాన అవకాశాలుండాలంటుంది, 13వ అధికరణం వినోదంలోనూ క్రీడల్లోనూ పాల్గొనే హక్కు గురించి చెబుతుంది. మనం విద్య, ఆస్తి, హింస అధ్యాయాలు చదివి ఆ వాక్యాల్ని దాటేశాం. నేనూ దాటేశాను. నా చిన్నప్పుడు మా బడిలో, ఊరి పేరు చెప్పను, పెద్దమనిషైన అమ్మాయిలకి ఆటల పీరియడ్‌లో వరండాలో కూచుని కుట్లు నేర్చుకొమ్మని చెప్పేవారు. గోడకి ఆనుకుని మగపిల్లల ఆట చూసేవాళ్ళం. అది వివక్ష అని నాకు తోచటానికి పీహెచ్‌డీ దాకా చదవాల్సి వచ్చింది. సిగ్గుగానే చెబుతున్నాను.

ఒక్క హెచ్చరిక. మిథాలీకి వైమానికదళంలో పనిచేసిన తండ్రి, సికింద్రాబాదు కోచింగు, ప్రోత్సహించిన బడి ఉన్నాయి. వాటిని తక్కువ చెయ్యను, కానీ తాండవ ఒడ్డున ఉన్న పల్లెల్లోని దళిత కుటుంబాల పిల్లలకి ఆ మూడింట్లో ఎన్ని ఉన్నాయి? మైదానంలో మరుగుదొడ్డి లేకపోతే నెలలో నాలుగు రోజులు ఆట లేదు. సాయంత్రం ఆరు దాటితే బస్సు లేకపోతే పరుగు పందెం సాధన లేదు. 2022లో బోర్డు మగవాళ్ళతో సమానంగా స్త్రీలకి మ్యాచ్ ఫీజు ప్రకటించింది, టెస్టుకి 15 లక్షలు. మంచిదే. ఆ ఏడాది వార్షిక కాంట్రాక్టులో పైమెట్టున ఉన్న మగవాడికి 7 కోట్లు, పైమెట్టున ఉన్న ఆమెకి 50 లక్షలు. ఆ పైమెట్టుకీ మన పిల్లలకీ మధ్య ఉన్న దూరం ఇంకా పెద్దది.

అందుకని మీకొక పని తెచ్చాను. మీ మండలాల్లో వెనకటి రోజుల్లో జిల్లా స్థాయికీ రాష్ట్ర స్థాయికీ ఆడిన ఆడవాళ్ళున్నారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు. ఇప్పుడు కిరాణా కొట్లోనో, అంగన్‌వాడీలోనో, పొలంలోనో ఉంటారు. వాళ్ళని వెతకండి. ఏ ఆట, ఏ సంవత్సరం, ఎందుకు మానేసింది, అంతవరకు రాయండి చాలు. బడి రిజిస్టర్లలో వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారి ఉంటుంది. ఇప్పటి పేరుతో అడిగితే మాస్టార్లు అలాంటి వాళ్ళెవరూ లేరంటారు. ముందు ఆమెనే అడిగి, ట్రంకుపెట్టె అడుగున సర్టిఫికెట్ ఉంటే, దాని మీదున్న పేరు రాసుకోండి.